వంద డాలర్ల సీడీ వెనక నిప్సీ హసిల్ లెక్క

2013 అక్టోబర్ 8న లాస్ ఏంజెలెస్ ర్యాపర్ నిప్సీ హసిల్ ‘క్రెన్‌షా’ అనే మిక్స్‌టేప్ (స్టూడియో ఆల్బమ్ హంగు లేకుండా వదిలే పాటల సంకలనం) వదిలాడు. నెట్‌లో ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అవే పాటలు సీడీ రూపంలో కావాలంటే మాత్రం వంద డాలర్లు. కొట్టించింది వెయ్యే కాపీలు. ఇరవై నాలుగు గంటలు గడవకముందే అన్నీ అయిపోయాయి. అందులో వంద కాపీలు ప్రఖ్యాత ర్యాపర్ జే-జీ కొన్నాడు. వెయ్యి ఇంటూ వంద, లక్ష డాలర్లు.

ఈ కథని మార్కెటింగ్ చిట్కాగా చెప్పుకునేవాళ్లే ఎక్కువ. ఫిలడెల్ఫియాలో ఒక రెస్టారెంట్ వంద డాలర్లకి శాండ్‌విచ్ అమ్మి ఊరంతా తన గురించి మాట్లాడుకునేలా చేసుకున్న ఉదంతాన్ని నిప్సీ ఒక పుస్తకంలో చదివాడు, ఆలోచన అక్కడ పుట్టింది, నిజమే. కానీ ఆ ధర పలకడానికి వెనక ఎనిమిదేళ్ల పని ఉంది. దాన్ని వదిలేసి ధరొక్కటే కాపీ కొట్టినవాడికి మిగిలేది అట్టపెట్టెల నిండా సీడీలే.

నిప్సీ అసలు పేరు ఎర్మియస్ అస్గెడోమ్. 1985 ఆగస్టు 15న పుట్టాడు. తండ్రిది తూర్పు ఆఫ్రికాలోని ఎరిత్రియా. పెరిగింది దక్షిణ లాస్ ఏంజెలెస్‌లో, క్రెన్‌షా బులెవార్డ్, స్లాసన్ అవెన్యూ కలిసే కూడలి చుట్టుపక్కల. ఆ కూడలిలో చిన్న దుకాణాల సముదాయం ఒకటుంది, ముందు పార్కింగ్ స్థలం. అన్న శామియెల్, నిప్సీ మొదట్లో సీడీలు, టీషర్టులు అమ్మింది అక్కడే. ఈ పార్కింగ్ స్థలాన్ని గుర్తుపెట్టుకోండి.

మొదటి మిక్స్‌టేప్ 2005లో వచ్చింది. తర్వాత ఎపిక్ రికార్డ్స్ అనే పెద్ద లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, అతనితో సంతకం చేయించుకుంది. 2010 నాటికి ఆ ఒప్పందం ముగిసింది. వేరే పెద్ద లేబుల్ తలుపు తట్టకుండా ‘ఆల్ మనీ ఇన్’ అని సొంత లేబుల్ పెట్టుకుని, అదే ఏడాది డిసెంబర్‌లో ‘ది మారథాన్’ మిక్స్‌టేప్‌ని విడుదల చేశాడు. అతని కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే లేబుల్ లెక్క తెలియాలి.

ఉదాహరణకి ఒక మామూలు ఒప్పందం తీసుకుందాం. అడ్వాన్స్ (ముందే ఇచ్చి, తర్వాత ర్యాపర్ వాటాలోంచి కోసుకునే డబ్బు) 2,00,000 డాలర్లు, రాయల్టీ 15 శాతం, మాస్టర్ రికార్డింగ్, అంటే పాట అసలు రికార్డింగు, లేబుల్‌ది. పాటల మీద మొత్తం 10,00,000 డాలర్లు వచ్చాయనుకోండి. ర్యాపర్ వాటా 1,50,000. అడ్వాన్స్ ఇంకా తీరలేదు కాబట్టి అతని ఖాతాలో ఇప్పటికీ 50,000 బాకీ కనిపిస్తుంది. వీడియో ఖర్చులో సగమో, మొత్తమో కూడా ఆ ఖాతాకే రాస్తారు. లేబుల్ మాత్రం తన పెట్టుబడి ఎప్పుడో రాబట్టుకుని ఉంటుంది. బాకీ మొత్తం తీరిపోయినా మాస్టర్ తిరిగి రాదు. ఇల్లు కొనడానికి అప్పు తీసుకుని, వాయిదాలన్నీ కట్టేశాక కూడా ఇల్లు బ్యాంకు పేరునే ఉండిపోవడం లాంటిది ఇది.

సొంత లేబుల్‌లో మాస్టర్ మనదే. పంపిణీదారుడికి 20 శాతం ఇచ్చినా అదే పది లక్షల్లో ఎనిమిది చేతికొస్తాయి. అయితే స్టూడియో, మిక్సింగ్, వీడియో, ప్రచారం అన్నీ మన జేబులోంచే పెట్టాలి, అదీ డబ్బు రాకముందే. సొంతంగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా చతికిలబడేది ఇక్కడే. పాట బాగాలేక కాదు, రెండో పాటకి డబ్బు మిగలక. నిప్సీ ఈ లోటుని సీడీలతో, బట్టలతో, షోలతో పూడ్చుకున్నాడు.

వంద డాలర్ల సీడీ నిలబడటానికి కారణాలు వరసగా చూస్తే, మొదటిది పాటలు ఉచితంగా దొరకడం. దాంతో డబ్బు లేని అభిమానికి కోపం రాలేదు. కొన్నవాడు పాటకి కాదు, తన మద్దతుకి డబ్బిచ్చాడు. ఆ పద్ధతికి నిప్సీ పెట్టిన పేరే ‘ప్రౌడ్ టు పే’, అంటే గర్వంగా చెల్లించడం. ఇక వెయ్యి అన్నాక వెయ్యే. గిరాకీ ఉంది కదా అని ఇంకో ఐదొందలు కొట్టిస్తే మొదట కొన్నవాళ్లని మోసం చేసినట్టే. కొన్నవాళ్లకి ప్రత్యేక కచేరీలో ప్రవేశం కూడా ఇచ్చాడు. ఎంతమంది కొంటారో అంచనా వేసి దానికన్నా తక్కువే కొట్టించడం ఈ పద్ధతికి ప్రాణం. నూరుమంది కొనే చోట వెయ్యి కొట్టిస్తే, మిగిలిపోయిన తొమ్మిది వందలు మన విలువ ఇంతేనని అందరికీ చాటుతాయి.

మరుసటి ఏడాది చివర్లో ‘మెయిల్‌బాక్స్ మనీ’ అనే మిక్స్‌టేప్‌కి ధర వెయ్యి డాలర్లు, కాపీలు వంద. గుణించి చూడండి, మళ్లీ లక్షే. మొత్తం మారలేదు, పదో వంతు మందినే అడిగాడు.

2017 జూన్‌లో అదే స్లాసన్ కూడలిలో ‘ది మారథాన్ క్లోతింగ్’ కొత్త దుకాణం తెరిచాడు. ఫోన్‌లో యాప్ తెరిచి బట్టల మీదకి పెడితే పాటలు, వీడియోలు తెర మీదకొచ్చేవి. ఇడ్రిస్ సాండు అనే యువ సాంకేతిక నిపుణుడు చేసిన పని అది. దానివల్ల టీషర్టు కొంటే పాట కూడా వచ్చేది. 2018 ఫిబ్రవరిలో డేవిడ్ గ్రాస్‌తో కలిసి అదే ప్రాంతంలో ‘వెక్టర్ 90’ ప్రారంభించాడు. చిన్న వ్యాపారాలు పెట్టుకునేవాళ్లు కూర్చుని పనిచేసుకునే చోటు, పిల్లలకి సైన్సు, గణితం నేర్పే కేంద్రం కూడా. ఆ తర్వాత భాగస్వాములతో కలిసి ఆ దుకాణాల సముదాయాన్నే కొనేశాడు. ఒకప్పుడు నిలబడి సీడీలు అమ్మిన పార్కింగ్ స్థలం అలా అతనిదైంది.

మొదటి స్టూడియో ఆల్బమ్ ‘విక్టరీ ల్యాప్’ 2018 ఫిబ్రవరి 16న వచ్చింది, అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నాలుగో స్థానంలో మొదలైంది, గ్రామీకి నామినేట్ అయింది. దానికి అట్లాంటిక్ రికార్డ్స్ అనే పెద్ద లేబుల్‌తో చేతులు కలిపాడు. సొంత లేబుల్‌ని వదులుకోలేదు, భాగస్వామిగా కూర్చున్నాడు. ఏడేళ్లు ఒంటరిగా నడిచి చూపించాక బేరమాడే బలం ఎటువైపుంటుందో వేరే చెప్పాలా? 2010లోనే అదే బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఈ షరతులు దొరికేవి కావు.

2019 మార్చి 31న ఆ దుకాణం ముందే అతన్ని కాల్చి చంపారు. వయసు 33. ఆ కూడలికి ఇప్పుడు అతని పేరే ఉంది. 2020 జనవరిలో రెండు గ్రామీలు వచ్చాయి, అందుకోవడానికి అతను లేడు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ర్యాప్ రాసుకుంటున్నవాళ్లకి ఈ లెక్కని మన చట్టంలోకి మార్చి చెప్పాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి కర్త నిర్మాతే, అంటే దాన్ని చేయించడానికి పూనుకుని బాధ్యత తీసుకున్నవాడు. కాబట్టి స్టూడియో డబ్బు మీరే కట్టండి, బిల్లులు మీ పేరున తీసుకుని దాచండి. ఆన్‌లైన్‌లో లీజుకి తీసుకున్న బీట్ (ర్యాప్ వెనక వినిపించే సంగీతం) మీది కాదు. అదే బీట్ మీద ఇంకో ఇరవై మంది పాడి ఉంటారు, వాళ్లలో ఒకరు ముందే నమోదు చేసుకుంటే యూట్యూబ్‌లో మీ పాట మీద ‘ఇది నాది’ అనే క్లెయిమ్ పడుతుంది. ప్రత్యేక హక్కులతో కొనండి, లేదా బీట్ చేసినవాడితో వాటాలు కాగితం మీద రాసుకోండి.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే కంపెనీ కాగితాల్లో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు తప్పకుండా ఉంటాయి. వాటి దగ్గర పెన్ను ఆపి, ఐదేళ్లని రాయమని అడగండి. సాహిత్యం రాసినవాడిగా మీకు రావలసిన రాయల్టీ వాటాని వదులుకుంటున్నట్టు రాసిన షరతు, 2012 సవరణ తర్వాత, మీరు సంతకం పెట్టినా చెల్లదు. ఆ వాటా వసూలు చేసి ఇచ్చే సంఘం ఐపీఆర్ఎస్. సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనీ విడుదలైన వెంటనే అక్కడ నమోదు చేయించుకోండి.