సోమవారమే ఎందుకు చెప్పలేదంటే

డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకి బ్యాంకింగ్ పేపరు చెప్పేది నేనే. యూపీఐలో డబ్బు ఏ దారిన పోతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆ క్లాసులో ముందు బెంచీలో కూర్చునే అమ్మాయే 27,500 రూపాయలు పోగొట్టుకుంది.

డబ్బు పోయింది ఆదివారం రాత్రి. నాకు తెలిసింది మంగళవారం మధ్యాహ్నం. అదీ తను చెప్పలేదు. హాస్టల్లో తన రూమ్మేట్ వచ్చి, "మేడమ్, అది రెండ్రోజుల నుంచి అన్నం తినట్లేదు" అంది.

స్టాఫ్ రూమ్‌కి పిలిపించాను. విషయం కాస్త వినగానే నా నోట వచ్చిన మొదటి మాట, "బీకాం చదువుతున్నావు, ఆ మాత్రం తెలియదా?" అని. అంతే, పావుగంట నోరు విప్పలేదు. నీళ్లిచ్చి, తలుపు దగ్గరగా వేసి, "తిట్టనులే, ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాక గానీ ఏడుపు ఆగలేదు.

టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ పని అన్నారట. గూగుల్ మ్యాప్స్‌లో హోటళ్లకి రేటింగ్ ఇస్తే ఒక్కోదానికి 50 రూపాయలు. మొదటి రోజు నిజంగానే 150 పడ్డాయి. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అన్నారు. 1,000 కడితే 1,300 తిరిగొచ్చాయి. ఇక నమ్మకం కుదిరింది. 5,500 కట్టింది. అది విత్‌డ్రా కావాలంటే ఇంకో టాస్క్ పూర్తి చేయాలన్నారు, 8,000 కట్టింది. చివరికి "ట్యాక్స్" పేరుతో 14,000. గ్రూపులో మిగతావాళ్లంతా "నాకు వచ్చాయి" అని స్క్రీన్‌షాట్లు పెడుతూనే ఉన్నారట. వాళ్లంతా ఆ ముఠా మనుషులేనని మనకి ఇప్పుడు తెలుస్తుంది, ఆ రాత్రి తనకి తెలియదు. ఆ 14,000 మాత్రం వాళ్ల నాన్న పత్తి అమ్మి హాస్టల్ ఫీజుకని పంపినవి.

"సోమవారం పొద్దున్నే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెప్తే ఫోన్ తీసేసుకుంటారు కదా మేడమ్."

ఆ తీసేసుకునేది నేనే. క్లాసులో ఫోన్ మోగితే నా డ్రాయర్‌లోకి వెళ్లేది. వారం తర్వాత అమ్మో నాన్నో వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. ఆ రూల్ పెట్టించింది నేనే, గొప్పగా చెప్పుకున్నదీ నేనే. ఫోన్‌లో ఏ తప్పు జరిగినా మేడమ్‌కి తెలియకూడదని పిల్లలకి నేర్పిందీ అదే. ఆలస్యమైన ఆ నలభై గంటల్లో నా వాటా ఎంతో లెక్కేసుకోవడం కామర్స్ టీచర్‌కి పెద్ద కష్టం కాదు.

అక్కడి నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. ఏ బ్యాంకు, అకౌంట్ నంబరు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత, అవతలి యూపీఐ ఐడీ ఏమిటి అని వరసగా అడిగారు. ముఖ్యంగా కావాల్సింది ప్రతి చెల్లింపుకీ ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు. యాప్‌లో పేమెంట్ హిస్టరీ తెరిస్తే కనిపిస్తుంది. మూడు చెల్లింపులూ మూడు వేర్వేరు పేర్లకి పోయాయి. అవతలివాళ్లు టెలిగ్రామ్ చాట్ మొత్తం రెండు వైపులా చెరిపేశారు. సంబరంగా రూమ్మేట్‌కి పంపిన స్క్రీన్‌షాట్లే చివరికి సాక్ష్యం అయ్యాయి.

కాసేపటికి ఫిర్యాదు నంబరు మెసేజ్‌లో వచ్చింది. ఆ నంబరుతో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాలి. నేను రాసిన మొదటి కథనం నిండా కోపమే. తను దాన్ని కొట్టేసి, ఎన్ని గంటలకి ఏం జరిగిందో వరసగా రాసింది. నాకన్నా బాగా రాసింది.

ఈ డబ్బు ఒక అకౌంట్లో కూర్చోదు. అక్కడి నుంచి రెండోదానికి, మూడోదానికి, అక్కడి నుంచి ఏటీఎంకి. ఫిర్యాదు అందగానే ఆ దారి వెంట ఉన్న బ్యాంకులకి కబురు వెళ్తుంది, అప్పటికి ఎంత మిగిలి ఉంటే అంత ఆపుతారు. మాకు మిగిలింది 6,200. మిగతాదంతా అప్పటికే చేతులు మారిపోయింది.

రెండు వారాలకి ఇంకో వాట్సాప్ మెసేజ్ వచ్చింది. డీపీలో పోలీసు చిహ్నం. "మీ రీఫండ్ రెడీ, ఫైల్ చార్జీ 1,999 కట్టండి." పోగొట్టుకున్నవాళ్లనే మళ్లీ వెతుక్కుంటూ వస్తారు, ఎంత తెంపరితనమో చూడండి. ఈసారి పది నిమిషాల్లో ఫోన్ పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి పరుగెత్తుకొచ్చింది. 6,200 దొరికాయన్నప్పటికన్నా ఆరోజే నాకు ఎక్కువ ఊపిరి పీల్చుకున్నట్టనిపించింది.

అయినా నిద్ర పట్టడం లేదంది. నాకు తోచిన ధైర్యం నేను చెప్పాను గానీ అది చాల్లేదు. ఒక సాయంత్రం మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి చేయించి నేను వరండాలో కూర్చున్నాను. తెలుగులోనే మాట్లాడారట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ రాత్రి మెస్‌లో తినిందని రూమ్మేట్ చెప్పింది.

ఆపిన డబ్బు దానంతటదే రాలేదు. అప్పట్లో కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. మాది లోక్ అదాలత్‌లో తేలింది. ఆధార్, పాస్‌బుక్ కాపీ, ఫిర్యాదు నంబరు పట్టుకుని తిరిగాం. హాస్టల్ ఫీజు వాయిదాల్లో కట్టేందుకు వార్డెన్ ఒప్పుకున్నారు. ఐదు నెలలకి 6,200 అకౌంట్లో పడ్డాయి.

డ్రాయర్ ఇప్పటికీ ఉంది. కానీ సాయంత్రానికి ఫోన్ ఇచ్చేస్తాను, ఇంటికి కబురు పంపను. "క్రమశిక్షణ పోయింది" అని తోటి లెక్చరర్లు అంటున్నారు. క్లాసులో ఫోన్లు మోగడం కాస్త పెరిగిన మాట నిజమే. డబ్బు పోతే అర్ధరాత్రైనా నాకు ఫోన్ చేయమని మొదటి రోజే చెప్తున్నాను, ఇప్పటిదాకా ముగ్గురు చేశారు. ఒకడు అర్ధరాత్రి రెండింటికి.

డబ్బు పడిన మెసేజ్ చూపించడానికి వచ్చినప్పుడు, "నాన్నకి చెప్పావా?" అని అడిగాను.

"ఈసారి పత్తి అమ్మాక చెప్తాను మేడమ్" అంది.

పత్తి ఇంకా ఇంట్లోనే ఉంది.