రేకుల షెడ్డులో వడ్రంగి గది: ముందు పైకప్పు, తరువాతే డక్టు

విజయవాడ పటమటలో మా ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల రేకుల షెడ్డు ఒకటి ఉన్నది. దానిని వడ్రంగి పనిగదిగా మార్చాలని నిర్ణయించుకున్న తరువాత ఇంటి పనిగదులకు గాలి ఏర్పాటు ఎలా చేసుకుంటారో వెతికితే, దొరికిన వివరాలలో ఎక్కువ భాగం చలిదేశాలవే. వాటిలో ఇంటిని వేడిచేసే ఫర్నేసు, వేడిగాలిని మోసే పెద్ద గొట్టాలు (డక్టులు), లోపలి వేడిని బయటకు పోనీయని గోడలు ఉంటాయి. లెక్కలు కట్టే పద్ధతి మనకూ పనికివస్తుంది కాని, వాళ్ళకు వేడి లోపలి నుంచి బయటకు పోతుంది, మనకు బయటి నుంచి లోపలికి వస్తుంది. అందువల్ల ఆ పటాలలో ఏది ఏ వైపున ఉండాలో చాలాచోట్ల తిరగేసి చదువుకోవలసి ఉంటుంది. పుష్యమాసపు రాత్రి కూడా హీటరు అక్కరలేని ఊరిలో చూసుకోవలసింది ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలనే.

ఎవరిని అడిగినా మొదట ఎన్ని టన్నుల ఏసీ కావాలన్న దగ్గర మొదలుపెడతారు. నేను పైకప్పు దగ్గర మొదలుపెట్టమంటాను. ఎండలో ఇనుప రేకు 65 డిగ్రీలకు చేరడం మన దగ్గర వింత కాదు. లోపల 32 డిగ్రీలు చాలుననుకుంటే తేడా 33 డిగ్రీలు. ఉత్త రేకు ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 5 వాట్ల వేడిని లోపలికి వదులుతుంది. నా కప్పు 28 చదరపు మీటర్లు కనుక మొత్తం 4.6 కిలోవాట్లు అవుతుంది. ఒక టన్ను ఏసీ తీసివేయగలిగే వేడి 3.5 కిలోవాట్లు మాత్రమే. అంటే గోడలు, కిటికీలు, యంత్రాలు, మనుషుల లెక్క ఇంకా మొదలు కాకముందే పైకప్పు ఒక్కటే టన్నుకు పైగా మింగేస్తుంది. అదే రేకు కింద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నూలు) పలకలు బిగిస్తే ఆ 5 వాట్లు దాదాపు 0.65కు దిగుతాయి, లోపలికి వచ్చే వేడి 600 వాట్లకు తగ్గుతుంది. ఈ తగ్గుదలకు కరెంటు బిల్లు లేదు. తాటాకు పాకలో మధ్యాహ్నం హాయిగా ఉండటానికి కారణమూ ఇదే: ఆకుల పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి.

ఏ పదార్థం వాడాలన్న విషయంలో వడ్రంగి గదికి తన సొంత షరతులు ఉన్నాయి. థర్మోకోల్ చవక, పఫ్ (పాలీయూరిథేన్ నురుగు) ప్యానెల్ అదే మందానికి ఇంకా బాగా వేడిని ఆపుతుంది. కాని ఉలికి, బాడిసకు గ్రైండరు మీద పదును పెట్టేటప్పుడు లేచే నిప్పురవ్వలు, మూలల్లో పేరుకునే రంపపు పొట్టు ఉన్నచోట నెత్తిమీద కాలే గుణమున్న పదార్థం పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. రాక్‌వూల్ కాలదు. దాని నూగు చర్మానికి, ఊపిరికి మంచిది కాదు కనుక కింద సిమెంటు ఫైబరు బోర్డుతో పూర్తిగా మూసివేయాలి, బిగించే రోజున చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ఇప్పటికే పాత ఆస్‌బెస్టాస్ రేకులు ఉన్నవారు వాటికి రంధ్రాలు వేయకుండా, గోడల మీద వేరే ఫ్రేము నిలిపి దానికి పలకలు బిగించుకోవాలి. ఆ రేకును తొలిస్తే లేచే ధూళి క్యాన్సరు కారకం.

గోడలలో పడమటి గోడకు ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) తప్పదు, మిగిలినవాటికి బయట తెల్లసున్నం చాలు. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో రోజుల తరబడి నీరు నిలిచిన సంగతి ఈ ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. పల్లపు ప్రాంతాల్లో గోడ అడుగుభాగాన గ్లాస్‌వూల్ (గాజు నూలు) వంటివి నింపితే ఒకసారి తడిసిన తరువాత ఆరబెట్టే మార్గం ఉండదు. నీటిని పీల్చుకోని ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్ నురుగు) పలకలను బోర్డు వెనుక వాడటం, స్విచ్ బోర్డులను నడుము ఎత్తుకు పైన పెట్టించడం నయం.

తిరగేసి చదవవలసిన వాటిలో ముఖ్యమైనది ఆవిరిని అడ్డుకునే పొర. తేమగాలి చల్లని తలాన్ని తాకినచోట నీరు చెమర్చుతుంది. చలిదేశంలో తేమగాలి లోపల ఉంటుంది కనుక ఆ పొరను ఇన్సులేషన్‌కు లోపలి వైపున వేస్తారు. ఇక్కడ ఏసీ గదికి తేమగాలి బయట ఉంటుంది కనుక పొర బయటి వైపున ఉండాలి. కాబట్టి అల్యూమినియం ఫాయిల్ అంటించిన రాక్‌వూల్‌ను ఫాయిల్ రేకు వైపు ఉండేటట్లు, మధ్య అంగుళం ఖాళీ వదిలి బిగించాలి. ఆ ఖాళీ ఉంటే రేకు నుంచి దిగే వేడి కిరణాలను కూడా ఫాయిల్ చాలావరకు వెనక్కి కొడుతుంది. నేడు నాకు ఏసీ లేకపోయినా రేపు పెట్టుకుంటే ఈ పని మళ్ళీ చేయనక్కరలేదు.

ఇక ఏసీయా, లేక తడి ప్యాడ్లతో చల్లబరచిన బయటి గాలిని డక్టు గుండా గదిలోకి పంపే డక్టు కూలరా? నా పొట్టు పీల్చే యంత్రం నాలుగు అంగుళాల గొట్టంతో నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలిని బయటకు పంపుతుంది. గదిలో ఉన్నది 3000 ఘనపుటడుగులు. అంటే ఏసీ కష్టపడి చల్లబరచిన గాలి అంతా ఎనిమిది నిమిషాలలోపు పెరట్లోకి పోతుంది. కూలరు ఎప్పుడూ బయటి గాలినే లోపలికి తోస్తుంది కనుక ఈ నష్టం దానికి లెక్కలోకి రాదు. దాని బలం మాత్రం పూర్తిగా గాలిలోని తేమమీద ఆధారపడుతుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 25 శాతం ఉంటే తడి ప్యాడ్ల గుండా వచ్చే గాలి 29 డిగ్రీల దాకా దిగుతుంది. సముద్రపు గాలి తిరిగిన సాయంత్రం 34 డిగ్రీల వద్ద తేమ 70 శాతం ఉంటే అదే కూలరు 30కి దించడమే గొప్ప. పడమటి వడగాలి వీచే మధ్యాహ్నాలే నా పనివేళలు కనుక కూలరునే ఎంచుకున్నాను.

డక్టు లెక్క సులభం. మన వంటి వాతావరణంలో కూలరు గదికి గంటకు 30 సార్లు గాలి మారాలనుకుంటే నిమిషానికి 1500 ఘనపుటడుగులు కావాలి. ఆ గాలి నిమిషానికి 1000 అడుగుల వేగంతో పోవాలంటే డక్టు 18 అంగుళాలకు 12 అంగుళాలు ఉండాలి. అంతకన్నా సన్నం చేస్తే హోరు పెరుగుతుంది. చలిదేశంలో డక్టు నుంచి వేడిగాలి వచ్చే జాలీలను (గ్రిల్లులను) నేల దగ్గర పెడతారు, వేడి పైకి లేస్తుంది కనుక. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి మనకు అవి పైన ఉండాలి. అడుగుకు అడుగు గ్రిల్లులు మూడు పెట్టిస్తున్నాను, రెండు బెంచి మీదికి, ఒకటి రంపం వైపు. ఆటోనగర్‌లో జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకుతో డక్టులు చేసే మేస్త్రి ఒకాయన నా గీతలు చూసి, "ఇన్ని మలుపులైతే గాలి చచ్చిపోతుందండీ, కూలరునే ఇటు జరపండి" అన్నాడు. ఆ మాట నిజం. ఒక్కో మలుపు అనేక అడుగుల తిన్నని డక్టుతో సమానమైన ఒత్తిడిని తినేస్తుంది. మామూలు ఫ్యాను రెక్కల కూలరు డక్టులోకి గాలిని నెట్టలేదు కనుక, గాలిని ఒత్తిడితో తోసే బ్లోయరు ఉన్నదే కొనాలి. డక్టులో ఎండ తగిలే బయటి భాగానికి వేడిని ఆపే 19 మిల్లీమీటర్ల మందపు నైట్రైల్ రబ్బరు చుట్టించాలి. వచ్చిన గాలి పోవడానికి ఎదుటి గోడకు కనీసం మూడు, నాలుగు చదరపు అడుగుల తెరిచిన చోటు లేకపోతే ఎంత బ్లోయరైనా వృథా. అది లేని కూలరు గదుల ఉక్కపోత అందరికీ తెలిసిందే.

కూలరు గాలిలో తేమ ఎక్కువ కనుక అది చెక్కకు మంచిది కాదు. తేమ 30 శాతం ఉన్న గాలిలో చెక్క లోపలి తేమ 6 శాతం దగ్గర నిలుస్తుంది, 80 శాతం గాలిలో 15 దాటుతుంది. కూలరు ముందు కోసి అతికిన పలక తరువాత ఇంట్లో ఏసీ గదిలో కుంచించుకుని జాయింట్లు విడిపోతాయి. అందుకే టేకు నిల్వకు డక్టు గాలి సోకని చిన్న గది విడిగా కేటాయించాను, అతికే పని కూడా అక్కడే. చిత్రికల అడుగుకు, రంపాలకు నూనె రాసి మూత ఉన్న పెట్టెలో పెట్టాలి, లేకపోతే త్రుప్పు. ఎండ బాగా ఉన్నప్పుడు గంటకు సుమారు 15 లీటర్ల నీరు ఆవిరవుతుంది. బోరు నీరైతే ఉప్పు ప్యాడ్లమీద గట్టిపడుతుంది కనుక తొట్టిలో నీటిని తరచు పారబోసి కొత్తది నింపాలి.

జూన్ రెండో వారంలో తొలకరి పడిందంటే కూలరు పని అయిపోయినట్లే. ప్యాడ్లు ఆరబెట్టి, డక్టు మొదట్లో పెట్టించే తలుపును మూసి, బయటి మూతికి పావురాలు దూరని జాలీ బిగించి, అక్టోబరు దాకా సీలింగ్ ఫ్యాను, ఎగ్జాస్టు ఫ్యానులతోనే పని నడుపుకోవాలి.