మస్టాంగ్‌కు వినైల్ చుట్టడం: సగం పని, ఇప్పటిదాకా అయిన ఖర్చు

మా పెదనాన్న కొడుకు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎర్ర ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారుకు సాటిన్ (మసక మెరుపుండే) డార్క్ గ్రే వినైల్, అంటే పెయింట్ మీద అంటించే రంగు ఫిల్మ్, చుడుతున్నా. బానెట్, రూఫ్, డోర్లు, ముందు చక్రాల పైనుండే ఫెండర్లు అయిపోయాయి. ముందు బంపర్ నిన్న రాత్రి పూర్తయింది. వెనక వైపంతా ఇంకా ఎర్రగానే ఉంది. డబ్బు ఎక్కడెక్కడ పోయిందో గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నా.

ముందు బెంగళూరులో వినైల్ చుట్టే షాపుల్లో అడిగాం. అనంతపురం నుంచి హైవే మీద 210 కిలోమీటర్లు, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. మామూలు సెడాన్‌కు లక్షా పది, లక్షా ఇరవై వేలు అన్నవాళ్ళే, మస్టాంగ్ అనేసరికి లక్షా డెబ్బై నుంచి రెండు లక్షల పైదాకా పోయారు. "స్టిక్కరే కదరా, దానికి రెండు లక్షలేంది?" అన్నాడు అన్న. నా పోలో కారుకు, అంతకుముందు బుల్లెట్ ట్యాంకుకు నేనే చుట్టుకున్నా కాబట్టి, ఫిల్మ్ నువ్వు కొను, పని నేను చూస్తానన్నా.

ఫిల్మ్ లెక్క తేలిక. రోల్ వెడల్పు 1.52 మీటర్లు, అంటే అయిదడుగులు. ఇలాంటి రెండు డోర్ల కూపేకు 17, 18 మీటర్లు చాలు. కానీ సాటిన్, మెటాలిక్ రంగులకు దిక్కు ఉంటుంది. ఒక ముక్క నిలువుగా, పక్క ముక్క అడ్డంగా పరిస్తే ఎండలో రెండూ వేర్వేరు షేడ్లలా కొడతాయి. అందుకే అన్నీ ఒకే దిక్కున కోయాలి, దాంతో వేస్టేజీ పెరుగుతుంది. మధ్యలో తక్కువపడి ఇంకో బ్యాచ్ రోల్ తెస్తే రంగు కలుస్తుందన్న నమ్మకం లేదు. ఒకేసారి 20 మీటర్లు తెప్పించాం. అది దాదాపు 327 చదరపు అడుగులు. అడుగు 200 చొప్పున 65 వేలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 77 వేలు.

మన ఊళ్ళో రేడియం షాపులో ఇందులో మూడో వంతు రేటుకే వినైల్ దొరుకుతుంది. అది క్యాలెండర్డ్ రకం, రోలర్ల మధ్య నొక్కి చేసేది. సాపుగా ఉన్న డోరుకు బాగానే అంటుకుంటుంది, వంపుల్లో మాత్రం కొన్ని వారాలకే వెనక్కి లాక్కుంటుంది. మేం తెచ్చింది కాస్ట్ ఫిల్మ్. ద్రవంలా పోసి ఆరబెట్టి చేస్తారు కాబట్టి లోపల బిగువు తక్కువ, వేడి తగిలితే చపాతీ పిండిలా సాగుతుంది. ఇలాంటి బండికి ఇది తప్ప వేరే దారి లేదు.

సాపు ప్యానెళ్ళ మీద పెద్ద కష్టం లేదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు స్క్వీజీ (ఫిల్మ్‌ను నొక్కే పలక) లాగాలి. రేడియం షాపు కుర్రాడొకడు సాయంత్రాలు వస్తున్నాడు, పూటకు 600. ప్యానెళ్ళ మీద అంటించిన లోగోలు ఏవైనా ఉంటే హీట్ గన్‌తో కాస్త వేడి చేసి, గాలం దారంతో కోసి తీసేయొచ్చు.

డబ్బంతా బంపర్‌లో ఉంది. షాపులవాళ్ళు స్పోర్ట్స్ కారుకు ఎక్కువ అడిగేది ఇందుకే అని ముందు బంపర్ విప్పాక తెలిసింది. చక్రాల లోపలి లైనర్లు, కింద స్క్రూలు, లైట్ల వైర్లు, క్లిప్పులు, అన్నీ ఊడదీస్తేగానీ ఫిల్మ్‌ను అంచు లోపలికి మడవడానికి చోటు దొరకదు. ఊడదీయకుండా అంచు దగ్గరే కోసేస్తే పని తొందరగా అవుతుంది, కానీ ఆ అంచే మొదట లేస్తుంది. పాత క్లిప్పులు ఎండకు పెళుసెక్కి కొన్ని విరిగాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, మస్టాంగ్ ఎటూ దిగుమతి బండే. అదే కొలత క్లిప్పులు బెంగళూరు జేసీ రోడ్డులో వెతికి తెచ్చాం.

ఇక గాలి పోయే లోతు గుంతలు. అక్కడికి పై ఫిల్మ్‌నే లాగి నెడితే సాటిన్ మెరుపు మారిపోతుంది, తర్వాత లేచి వస్తుంది. ముందు గుంతలో చిన్న ముక్క వేసి, దాని అంచు మీదికి పెద్ద ముక్క కొన్ని మిల్లీమీటర్లు ఎక్కించాలి. కోతకు బ్లేడు పెడితే పెయింట్ మీద గీత పడుతుంది, అందుకని నైఫ్‌లెస్ టేప్ వాడుతున్నా. టేపులో ఉన్న సన్న దారాన్ని లాగితే ఫిల్మ్ తెగుతుంది. చివర్లో సాగిన ప్రతి చోటా 90 డిగ్రీలు దాటేదాకా మళ్ళీ వేడి చూపించాలి. చేత్తో తాకి అంచనా వేసే పని కాదు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనాల్సిందే, వెయ్యి రూపాయల్లో వస్తుంది.

పరిచేటప్పుడు మాత్రం చుట్టూ ఎండ వేడి పనికిరాదు. 16 నుంచి 32 డిగ్రీల మధ్య అయితే మంచిది. అనంతపురం ఎండాకాలంలో ఆ వేడి ఎప్పుడుంటుందో మీకు తెలిసిందే. రేకుల గోడౌన్‌లో తెల్లవారుజామున, మళ్ళీ రాత్రి పూట చేస్తున్నాం. పైగా అది శెనక్కాయల గోడౌన్, పొట్టు దుమ్ము మూలమూలనా ఉంటుంది. నేల తడిపి, షట్టర్ దించి, ఫ్యాన్ ఆపి పని. ఒక్క రేణువు ఫిల్మ్ కింద ఇరుక్కున్నా సాటిన్ మీద మొటిమలా కనిపిస్తుంది. ఆషాఢం గాలి లేచేలోగా వెనక వైపు కూడా అయిపోవాలి, ఆ గాలికి షట్టర్లు ఆగవు.

కడగడానికి బోరు నీళ్ళు వాడొద్దు. మన నీళ్ళలో ఉప్పులెక్కువ, ఆరితే తెల్ల మచ్చలు. ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు తెప్పించి, షాంపూ, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద), చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తున్నా. పాత వ్యాక్స్ మిగిలితే జిగురు పట్టదు.

సెకండ్ హ్యాండ్ బండి అయితే ముందు పెయింట్ మందం కొలవండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మా బండి ఎడమ ఫెండర్‌లో 300 దాటింది, అంటే మళ్ళీ కొట్టిందే. రేపు వినైల్ తీసేటప్పుడు అక్కడ పెయింట్ కూడా ఊడిరావచ్చని అన్నకు ముందే చెప్పేశా.

రంగు విషయంలో ఇంకో మాట. అన్న మొదట అడిగింది మిలిటరీ పచ్చ. రక్షణ శాఖవి కాని బండ్లకు ఆలివ్ గ్రీన్ వేయకూడదని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 121వ నియమం ఉంది. గ్రే అయినా ఆర్సీలో ఎరుపు అని ఉంటుంది కాబట్టి, ఆర్టీఓ ఆఫీసులో రంగు మార్పు ఎంట్రీ చేయించాలి, ఇన్సూరెన్స్‌కూ చెప్పాలి. రంగు మారని, పెయింట్‌ను గీతల నుంచి కాపాడే పారదర్శక ఫిల్మ్ పీపీఎఫ్‌కు ఈ గొడవ లేదు, కాకపోతే దాని ఖర్చు వేరు.

ఇప్పటిదాకా: ఫిల్మ్ 77 వేలు, పనిముట్లు, బ్లేడ్లు, టేపు కలిపి 9 వేలు, క్లిప్పులకు 2 వేలు, కుర్రాడికి 7 వేలు. మొత్తం 95 వేలు. నా రాత్రులకు కూలి వేయలేదు, వేస్తే బెంగళూరు రేటు న్యాయమే అనిపిస్తుంది. డోరు తెరిస్తే కనిపించే లోపలి ఎరుపు అలాగే వదిలేశాం. అది కూడా చుట్టాలంటే షాపుల్లో పాతిక వేలు ఎక్కువ అన్నారు.

వెనక బంపర్ కింది అంచున ఉండే నల్ల పలక, డిఫ్యూజర్‌కు కూడా గ్రే వేయమని అన్న పట్టు. అది గరుకు ప్లాస్టిక్, వినైల్ నిలవదు. మిగిలే ముక్కను రోల్‌గానే చుట్టి ఉంచుతా. ఎప్పుడైనా ఆటో గీసుకుపోతే అదే బ్యాచ్ ముక్క డోరుకు కావాలి.