ఆ ఎనిమిది నిమిషాలు

1996లో కాకినాడ పాలిటెక్నిక్ హాస్టల్లో ఉండగా మా సీనియర్ ఒకాయన గది ఖాళీ చేస్తూ నాకో క్యాసెట్ ఇచ్చి వెళ్ళాడు. అరవై నిమిషాల టేపు. అట్ట లేదు. ఒక వైపు బాల్‌పెన్నుతో "బి.ఎస్." అని మాత్రం రాసి ఉంది. పెట్టగానే ముందు వాన చప్పుడు, దూరంగా ఉరుము, ఎక్కడో చర్చి గంట. ఆ తరువాత గిటార్ మీద మూడు స్వరాలు, లోతు బావిలోంచి నిండు చేద లాగుతున్నట్టు బరువుగా. గదిలో మిగతా ఇద్దరూ ఆపమని గొడవ. నేను మాత్రం ఆ ఏడాదంతా అదే విన్నాను.

టేపు ఒక వైపు 30 నిమిషాలే కదా. చివరి పాట మొదలై రెండు నిమిషాలు దాటగానే ఠక్కున ఆగిపోయేది. ఆ తరువాత ఏముందో తెలియదు. అడుగుదామంటే సీనియర్ ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. చదువైపోయింది, హైదరాబాద్ బాలానగర్‌లో అచ్చులు, పనిముట్లు చేసే టూల్‌రూమ్‌లో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. టేప్‌రికార్డర్ మూలపడింది, క్యాసెట్ పాలకొల్లులో అమ్మావాళ్ళింట్లో అటకెక్కింది.

2022లో, నలభై నాలుగేళ్ళ వయసులో, బర్మింగ్‌హామ్ వచ్చాను. రేకులు వంచే ప్రెస్ షాపులో అచ్చులు సరిచేసే పని. ఒక వారం పొద్దున ఆరు నుంచి రెండు, ఇంకో వారం రెండు నుంచి రాత్రి పది. పని నాకు కొత్త కాదు. ఆకురాయి పట్టుకుంటే బాలానగర్‌లో ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉంటుంది. మాటతోనే వచ్చింది కష్టం. ఇక్కడి యాస నేను చదువుకున్న ఇంగ్లీషుకి ఎక్కడా దగ్గరగా లేదు. క్యాంటీన్‌లో టీ ఇచ్చే ఆవిడ అందరినీ "బాబ్" అంటుంది. ఈ ఊరివాళ్ళు ఆప్యాయంగా పిలుచుకునే పిలుపు అది. మొదటి రోజు నాకది "బాబూ" అని వినిపించింది. కప్పు పట్టుకుని కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాను.

నా పక్క బల్ల మీద పనిచేసేది అరవై అయిదు దాటిన ఒక పెద్దాయన. ఆరు నెలల్లో మా మధ్య గుడ్ మార్నింగ్ తప్ప పెద్దగా మాటల్లేవు. ఒక శుక్రవారం, బయట ముసురు పట్టి ఉంది, ఆయన రేకు అంచు గీకుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మూడు స్వరాలు. నాకు తెలియకుండానే తరువాతి వరస అందుకున్నాను. ఆయన చేతిలో పని ఆగిపోయింది.

"ఇది నీకెలా తెలుసు?"

హాస్టల్, క్యాసెట్, తెగిపోయిన చివరి పాట, అన్నీ చెప్పాను, వచ్చిన ఇంగ్లీషులో. ఎక్కడ తెగిందో పాడి చూపించమన్నాడు. పాడాను. తల అడ్డంగా ఊపి, "అయ్యో, అసలైంది మొదలయ్యేదే అక్కడ" అన్నాడు. అప్పుడు చెప్పాడు, బి.ఎస్. అంటే బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బ్యాండ్ అని. ఆ నలుగురూ ఆస్టన్ కుర్రాళ్ళని, ఆస్టన్ అంటే నేను రోజూ బస్సులో దాటి వచ్చే పేటేనని.

ఇరవై ఆరేళ్ళుగా నేను మనసులో మోస్తున్న పాట పుట్టిన చోటికే బతుకుతెరువు నన్ను తీసుకొచ్చింది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకి చెబితే, "ఏమండీ, గొంతు ఇంత హుషారుగా ఉంది, జీతం పెంచారా?" అంది.

మర్నాడు శనివారం ఆయన ఇంటికి రమ్మన్నాడు. మా షాపులోనే వెల్డింగ్ చేసే పంజాబీ మిత్రుడు కూడా వచ్చాడు. నన్ను "పాజీ" అంటాడు, పంజాబీలో అన్నయ్య అని. నేనూ అతన్ని అలాగే పిలుస్తాను. వాళ్ళ నాన్నది స్మెథిక్‌లో ఫౌండ్రీ పని. చిన్నప్పుడు ఇంట్లో భాంగ్రా, వీధిలో సబ్బాత్, రెండూ వింటూ పెరిగాడట.

పెద్దాయన దగ్గరున్నది వాళ్ళ అన్న కొన్న ఎల్పీ. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం విడుదలైన రికార్డు అది. అట్ట మీద పాత నీటి మర, ముందు నల్లబట్టల్లో ఒకావిడ. ఆయన ఆ పళ్ళేన్ని అంచులు మాత్రమే అరచేతులకి తగిలేలా పట్టుకుని బయటికి తీశాడు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తుడిచాడు. సూది దించే ముందు మాకొక షరతు పెట్టాడు. ఒక వైపు పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, పాట దాటించకూడదు. ఫోన్లో పాటలు తోసుకుంటూ పోవడానికి అలవాటు పడిన నాకు ఆ షరతు ఎంత మేలు చేసిందో చెప్పలేను.

రికార్డు మొత్తం 38 నిమిషాలు. నా టేపు 30. అంటే నాకు అందనివి ఎనిమిది నిమిషాలు.

రెండో వైపు చివరి పాట వచ్చింది. నా టేపు తెగే చోటు దగ్గరపడుతుంటే ఒళ్ళు బిగుసుకుంది. అక్కడ ఆగలేదు. పాట కాసేపటికి పక్కకి తప్పుకుంది. గిటార్ ఒక్కటే ముందుకొచ్చింది. ఎటు పోవాలో తెలియనట్టు మొదలై, ఒకచోట నిలబడి తీగని సాగదీసి, ఒక్కసారిగా పరుగందుకుని, మళ్ళీ ఒంటరిగా. నిమిషాల తరబడి. ఆఖర్న గొంతు తిరిగి వచ్చి పాట ముగిసింది. నేను పోగొట్టుకున్నదల్లా ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమి గిటారే.

ఆ చేతుల కథ పెద్దాయన సోమవారం ప్రెస్ పక్కన నిలబడి చెప్పాడు. 1965లో అయోమికి పదిహేడేళ్ళు. రేకుల ఫ్యాక్టరీలో వెల్డర్. బ్యాండ్‌లో వాయించుకుంటూ బతకొచ్చని ఉద్యోగం మానేశాడు. ఆ రోజే ఆఖరు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్ళనంటే, మొదలుపెట్టిన పని సరిగా ముగించి రమ్మని అమ్మ పంపింది. ఆ పూట ప్రెస్ మీద పనిచేసే ఆవిడ రాలేదు, ఇతన్ని నిలబెట్టారు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు చివర్లు పోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చెయ్యి అదే. పెద్దాయన తన రెండు వేళ్ళ చివర్లు మడిచి నాకు చూపించాడు. మా ప్రెస్సుకి ఇప్పుడు రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగే ఏర్పాటు ఉంది. ఆ రోజు నుంచి ఆ బటన్లు నొక్కినప్పుడల్లా నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు.

ఆ తరువాతి సంగతి నాకు ఇంకా ఇష్టం. ఇక గిటార్ లేదని కుమిలిపోతుంటే ఫ్యాక్టరీ మేనేజర్ ఒక రికార్డు పట్టుకుని ఇంటికొచ్చాడట. జాంగో రైన్‌హార్ట్ రికార్డు. నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్ళు పనిచేయకుండా పోయినా, మిగతా రెండు వేళ్ళతోనే గిటార్ మీద స్వరాలు ఉరికించిన మనిషి. అది విన్నాక అయోమి గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, ఉండ చేసి, వేలు పట్టేలా బొక్క పెట్టి, నునుపుగా అరగదీసి, పైన తోలుముక్క అంటించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని బాంజో తీగలు తెచ్చి బిగించాడు. కొన్నాళ్ళకి తీగల బిగువు కూడా తగ్గించాడు. స్వరం ఇంకా కిందికి దిగింది, బరువెక్కింది. అరగదీయడం, సరిచూడడం, మళ్ళీ అరగదీయడం, ఇదంతా టూల్‌రూమ్ పనే. నాకు ఆ సంగీతం ఎందుకంత దగ్గరగా అనిపించిందో అప్పుడు అర్థమైంది.

నెలకో శనివారం ఇలా కలవడం అలవాటైంది. ఒకసారి ముగ్గురం ఆస్టన్ అంతా నడిచాం. విల్లా పార్క్ స్టేడియం పక్కనే పాత చర్చి. ఆదివారం, సన్నటి వాన, గంట మోగింది. ఎవరం ఏమీ అనలేదు.

తరువాతి వంతు నాది. మా పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌ని వినిపించాను, కదనకుతూహల రాగం. అదే షరతు, మధ్యలో మాటల్లేవు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. గమకాలు పలకాలని శ్రీనివాస్ జంటలు తీసేసి, ఒంటి తీగలు అయిదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ చేసుకున్నాడు. యార్క్‌షైర్‌లో పుట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. 2014లో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. ఇదంతా చెప్పాక పెద్దాయన చాలాసేపు ఊరుకుని, "అయోమీ, మీ శ్రీనివాసూ ఇద్దరూ వాయిద్యాన్ని తమకి తగ్గట్టు మార్చుకున్నారన్నమాట" అన్నాడు. ఆ తరువాత ఆయన కారులో ఆ రాగం నేను చాలాసార్లు విన్నాను.

2025 జూలై 5న విల్లా పార్క్‌లో ఆ నలుగురి ఆఖరి కచేరీ. మాకు టికెట్లు దొరకలేదు, పెద్దాయన హాల్లో టీవీ ముందు కూర్చున్నాం. బ్యాండ్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ పార్కిన్‌సన్స్ జబ్బుతో నిలబడలేక, నల్లటి సింహాసనంలో కూర్చునే పాడాడు. డెబ్భై ఏడేళ్ళ అయోమి వేళ్ళు తెర నిండా కనిపించినప్పుడు పాజీ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. పదిహేడు రోజులకి ఆజీ పోయాడు.

జూలై 30న అంతిమయాత్ర. రాత్రి షిఫ్ట్ వాళ్ళతో మార్చుకుని ముగ్గురం బ్రాడ్ స్ట్రీట్‌లో నిలబడ్డాం. కాలువ మీద బ్లాక్ సబ్బాత్ పేరు పెట్టిన వంతెన దగ్గర పూలు గుట్టలుగా ఉన్నాయి. బ్రాస్ బ్యాండ్ ఒకటి సబ్బాత్ పాటలే వాయిస్తూ ముందు నడిచింది. మా గోదావరి వైపు కూడా నిండుగా బతికిన వాళ్ళని బ్యాండు మేళంతోనే సాగనంపుతారని చెబితే పెద్దాయన తల ఊపాడు, కళ్ళు తుడుచుకోలేదు.

తిరిగొస్తూ ఆయన పాత కారులో కూర్చున్నాం. దాంట్లో ఇంకా క్యాసెట్ పెట్టుకునే ప్లేయర్ ఉంది. ఆ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అటక మీంచి దింపించి తెచ్చుకున్న టేపు నా సంచిలోనే ఉంది. పెట్టాను. కొంచెం బొంగురుపోయింది కానీ వాన అలాగే ఉంది, గంట అలాగే ఉంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదులుతూ, ఎవరం మాట్లాడకుండా, ముప్ఫై నిమిషాలూ విన్నాం. చివరి పాట వచ్చింది. ఎప్పుడూ తెగే చోటే ఠక్కున తెగింది.

పెద్దాయన స్టీరింగ్ మీద రెండు వేళ్ళతో దరువేస్తూ మిగతాది అందుకున్నాడు. వెనక సీట్లోంచి పాజీ, పక్కన నేను.