మొక్క నాటని మడ అడవి పని

కూకట్‌పల్లిలో ఉండే మేము కొందరం అప్పుడప్పుడు శుక్రవారం సాయంత్రం లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కాకినాడలో దిగి, కోరంగి మడ అడవుల అంచున శ్రమదానం చేసి వస్తుంటాము.

మొదటిసారి మేము చేసిన నిర్వాకం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. ఆటు వేళ నీరు తీసిన బురద మేటను ఖాళీ జాగా అనుకొని, దాదాపు 400 ఉప్పుపొన్న మొలకలను వరుసలు కట్టి గుచ్చి, ఫొటోలు దిగి వచ్చేశాము. ఉప్పుపొన్న గింజ చెట్టు మీదనే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది కనుక, దాని మొనను బురదలోకి దింపితే చాలు, నాటడం పూర్తయినట్టే. ఆ సులువే మా కొంప ముంచింది. రెండు నెలల తరువాత వెళ్ళి చూస్తే పట్టుమని 10 కూడా నిలవలేదు. అక్కడ గుల్లలు ఏరుకుంటున్న ఒక పెద్దాయన, "ఇది బుడితలు దొరికే చోటండి బాబూ, ఇక్కడ మడ నిలవదండి" అన్నారు.

ఎక్కువ సేపు నీట మునిగి ఉండే మేటలో లేత మొలకకు గాలి అందదు. బుడిత గుల్లలు మాత్రం ఆ మెత్తటి బురదలోనే ఒదిగి, నీటిని వడగట్టుకొని బతుకుతాయి. మా మొక్కలు బతికి ఉంటే గుల్లలకూ, వాటిని ఏరుకునే వారికీ, కొంగలకూ చోటు పోయేది.

మడకు సాయం కావలసింది లోపలి పర్రల్లో, అంటే చెట్లు లేని ఉప్పు నేలల్లో. చెట్లు నరికినచోట నేల కుంగి, పోటు నీరు నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అందుకే అటవీశాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ గ్రామస్థులతో కలసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. ఆటుపోట్లు ఆడితే ఉప్పు కడుక్కుపోతుంది, కొన్ని గింజలు వాటంతటవే కొట్టుకొచ్చి మొలుస్తాయి. అయితే ఆ కాలువలు పూడిపోతూనే ఉంటాయి, కనుక అసలు పని నాటడం కాదు, పూడిక తీయడం.

న్యూయార్క్ రేవులో 2014లో మొదలైన ఆల్చిప్పల పథకానిదీ ఇదే తీరు. 2035 నాటికి 100 కోట్ల ఆల్చిప్పలను పెంచాలన్నది లక్ష్యమే అయినా, వాలంటీర్ల చేతికి వచ్చే పనుల్లో ఒకటి హోటళ్ళ నుండి వచ్చిన ఖాళీ చిప్పలను శుభ్రపరచడం. వాటిని ఏడాది పాటు ఎండబెడతారు, ఎందుకంటే పిల్ల ఆల్చిప్ప అతుక్కోవడానికి గట్టి ఆధారం ఉండాలి. మన తీరంలో మాత్రం అలాంటి గుల్లలనే ఎంతకాలంగానో సున్నానికి కాలుస్తూ వచ్చాము.

మొన్నటి ప్రయాణంలో మేము ఒక్క మొక్కా నాటలేదు. మోకాలి లోతు బురదలో దిగి ఒక పిల్ల కాలువకు పూడిక తీశాము. ఫొటో చూసిన మా అమ్మ, దీనికోసం కాకినాడ దాకా ఎందుకు, మన వీధి కాలువ లేదా అని అడిగింది.