హార్ట్‌ఫర్డ్‌లో రిజిస్ట్రీ, చిత్తూరులో లేఖరి

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్ నగరంలో, ఒక బీమా సంస్థకు కాంట్రాక్టు మీద పనిచేస్తున్న రోజుల్లో, వెబ్ సర్వీసుల (ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌కు నెట్‌వర్క్ మీద అందించే సేవల) రిజిస్ట్రీని, అంటే వాటి వివరాల పట్టీని, ప్రోగ్రాములను నడిపే అప్లికేషన్ సర్వర్ మీద స్థాపించే పని నాకు అప్పగించారు. అది 2007 నాటి మాట. ఇప్పుడు చిత్తూరుకు తిరిగి వచ్చి కట్టమంచిలో ఉంటున్నాను. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి విదేశీ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న పిల్లలు "అక్కడ పని ఎట్లుంటుంది సార్?" అని అడిగినప్పుడు చలి గురించి, జీతం గురించి చెప్పడం తేలికే గానీ, పని స్వభావం తెలియాలంటే ఇటువంటి ఒక్క పనిని ఆనుపానులతో సహా చెప్పడమే మేలని నాకు తోస్తుంది.

ఆ సంస్థలో పాలసీల విభాగం, క్లెయిముల విభాగం, బిల్లింగ్ విభాగం వేటికవే వెబ్ సర్వీసులు రాసుకున్నాయి. ఏ సర్వీసు ఏ చిరునామాలో ఉందో తెలియాలంటే దాన్ని రాసిన మనిషిని వెతికి పట్టుకోవలసి వచ్చేది. ఈ అవసరానికే పుట్టిన ప్రమాణం యూడీడీఐ. దాన్ని 2000లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరిబా సంస్థలు కలిసి ప్రకటించాయి. ప్రపంచంలోని వ్యాపారాలన్నీ తమ సేవలను ఒకే బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేసుకుంటాయన్నది అప్పటి ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. బహిరంగ రిజిస్ట్రీని 2006 జనవరిలో మూసివేశారు. అయితే 2005లో ప్రమాణాల సంస్థ ఓయాసిస్ ఆమోదించిన మూడో వెర్షన్ మాత్రం సంస్థల లోపలి అవసరాలకు పనికివచ్చింది. మేము వాడుతున్న ఐబీఎం వారి వెబ్‌స్ఫియర్ అప్లికేషన్ సర్వర్‌తో పాటే ఆ రిజిస్ట్రీ కూడా వచ్చేది కాబట్టి, వేరే కొనకుండా దాన్నే పెట్టుకుందామని సంస్థ నిర్ణయించింది.

మా నాయన చిత్తూరులో సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట దస్తావేజులు రాసిన మనిషి. చలికాలంలో హార్ట్‌ఫర్డ్ కాలం మన కాలానికి పదిన్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, నేను రాత్రి భోజనం చేసి ఫోన్ చేస్తే ఆయనకు అది ఉదయం కాఫీ వేళ. కొత్త పని ఏమిటని అడిగితే, రిజిస్ట్రీ అనే మాట ఉండడం వల్ల నాకు వివరించడం సులువైంది. సర్వీసు పేరు, అది ఏ విభాగానిది, ఎక్కడ దొరుకుతుంది, దానితో ఏ పద్ధతిలో మాట్లాడాలి అనే వివరాలు అందులో ఉంటాయని చెప్పాను.

"ఆడ ఆ సర్వీసు నిజంగా ఉందా లేదా అని మీ రిజిస్ట్రీ చూస్తాదా?" అన్నారు.

"చూడదు నాయనా. ఇచ్చింది రాసుకుంటుంది, అంతే."

"మా ఆఫీసూ అంతే కదరా. కాగితం రిజిస్టరైందంటే భూమి వాడిదే అయిపోయినట్టు కాదు."

ఆ మాట నిజమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది పత్రమే గానీ, అమ్మినవాడికి హక్కు ఉందన్న హామీ కాదు. యూడీడీఐలోనూ నమోదు చేసిన చిరునామాలో సర్వీసు బతికి ఉందో లేదో చూసే బాధ్యత నమోదు చేసినవారిదే. నేను పనిచేసిన చోట చాలామంది పెద్ద ఇంజనీర్లు కూడా ఈ తేడా గమనించకుండా, రిజిస్ట్రీ రాగానే సర్వీసుల నాణ్యత దానంతటదే బాగుపడుతుందని మాట్లాడేవారు.

స్థాపించే పని నిజానికి పెద్దది కాదు. ఐబీఎం వారి డేటాబేసు సాఫ్ట్‌వేర్ డీబీ2లో యూటీఎఫ్-8 అక్షర సంకేతంతో డేటాబేసు సృష్టించి, సర్వర్‌తో వచ్చిన స్క్రిప్టులను వరుసగా నడిపి పట్టికలు తయారుచేయాలి. తర్వాత సర్వర్ పరిపాలనా కన్సోల్‌లో డేటా సోర్స్, అంటే ఆ డేటాబేసుకు కలిపే దారి, పెట్టాలి. రిజిస్ట్రీ అప్లికేషన్ దాన్ని నిర్ణీతమైన జేఎన్‌డీఐ పేరుతోనే (సర్వర్ లోపల వస్తువులను వెతుక్కునే పేరు) వెతుక్కుంటుంది కాబట్టి అక్కడ ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు. కనెక్షన్ పరీక్ష చూసుకుని, సర్వర్‌ను ఆదేశాలతో నడిపే డబ్ల్యూఎస్‌అడ్మిన్ ద్వారా, అప్లికేషన్‌ను సర్వర్‌లో పెట్టే డిప్లాయ్ స్క్రిప్టు నడిపి, అప్లికేషన్‌ను ప్రారంభిస్తే సరిపోతుంది. ఇందులో జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. రిజిస్ట్రీ నోడ్‌ను (నడిచే ఒక్కో రిజిస్ట్రీని అలా అంటారు) రెండు విధాలుగా పెట్టుకోవచ్చు: విలువలన్నీ ముందే నిర్ణయమై వచ్చే డిఫాల్ట్ నోడ్ ప్రయోగాలకు సరిపోతుంది, అసలు వాడకానికి మన విలువలు మనమే ఇచ్చుకునే నోడ్ కావాలి. డేటాబేసు స్క్రిప్టుల్లో చివరిది నడిపితే అది డిఫాల్ట్ నోడ్‌గా గుర్తుపడిపోతుంది. డేటాబేసు చూసే నెల్లూరు అన్నకు ఈ సంగతి చెప్పబోతే, "నడపనులే అబ్బయ్యా, పేరులోనే డిఫాల్ట్ అని ఉంది కదా" అని నవ్వేశారు.

కాలమంతా తిన్నది ఆ తర్వాతి మెట్టు. అప్లికేషన్ లేచాక కన్సోల్‌లో నోడ్ ఐడీ, మూల కీ జనరేటర్ (నమోదులకిచ్చే కీలకు మొదలు) వంటి తప్పనిసరి విలువలు నింపి ఇనిషియలైజ్ బటన్ నొక్కాలి. నొక్కిన తర్వాత ఆ విలువలు ఇక మారవు. మూడో వెర్షన్‌లో ప్రతి నమోదుకూ ఇచ్చే కీ, యూడీడీఐ అనే మాటతో మొదలయ్యే చిరునామా వంటి పేరు. సంస్థ ఆ పేర్లను ఏ పద్ధతిలో పెట్టుకుంటుందో ఇక్కడే తేల్చుకోవాలి. ఒక బృందం యంత్రం పేరు పెట్టమంది, మరొకటి విభాగం పేరు పెట్టమంది. యంత్రాలు మారతాయి, విభాగాలు కలిసిపోతాయి, డొమైన్ పేరు మాత్రం నిలుస్తుంది కాబట్టి అదే వాడాలన్నది నా అభిప్రాయం. కానీ అది నేను తేల్చవలసిన విషయం కాదు. కాంట్రాక్టు ఉద్యోగి చేయగలిగినదల్లా ఒక్కో పేరుకు ఒక్కో పర్యవసానం రాసి, నిర్ణయించవలసినవారి ముందు పెట్టి, వారు కలిసి కూర్చునే దాకా వేచి ఉండడమే. మనవాళ్లలో చాలామంది దీన్ని చిన్నతనంగా భావించి, బటన్ తామే నొక్కేసి పని ముగించామనిపించుకుంటారు. నేను వేచి ఉన్నాను. మేనేజరును పేరు పెట్టి పిలవడం అలవాటైనంత తేలికగా ఆ వేచి ఉండడం మాత్రం అలవాటు కాలేదు.

యాజమాన్యం సంగతి ఇంతకంటే సున్నితమైనది. రిజిస్ట్రీలో ప్రతి నమోదుకూ ప్రచురించినవారే యజమాని. మార్చాలన్నా తీసేయాలన్నా ఆ ఐడీతోనే చేయాలి. సర్వర్ భద్రత ఆపి ఉంచి ప్రచురిస్తే, ఎవరు చేసినా ఆ నమోదులన్నీ 'ధ్రువీకరణ లేని' ఒకే డిఫాల్ట్ పేరు కిందికి చేరతాయి. అందువల్ల పరీక్షల దశలోనే భద్రత ఆన్ చేయించాను. పని త్వరగా సాగాలని మొత్తం సర్వీసులను నా ఐడీతోనే ఎక్కించమని ఒక విభాగం అడిగింది. ఒప్పుకుని ఉంటే వారంలో అయిపోయేది. యాజమాన్యం మార్చడానికి ప్రమాణంలో దారి ఉంది: పాత యజమాని బదిలీ టోకెన్ తీసుకుని ఇస్తే, కొత్త యజమాని దానితో నమోదును తన పేరు మీదికి మార్చుకుంటారు. కానీ ఆ టోకెన్ తీయడానికి పాత యజమాని లాగిన్ పనిచేస్తూ ఉండాలి. హెచ్-1బీ మనిషి కాంట్రాక్టు ముగియగానే లాగిన్ కూడా పోతుంది. అక్కడ మన ఉద్యోగపు హోదా, జీతం రాసిన కాగితాన్ని చట్టప్రకారం పనిచోట పది రోజులు గోడకు అంటిస్తారు. దాని మీద మనిషి పేరు ఉండదు. ఆ కాగితం చూసిన తర్వాత, సంస్థ ఆస్తిని నా పేరు మీద ఉంచడం అర్థం లేని పనిగా తోచింది. దస్తావేజు చివర లేఖరి సంతకం ఉంటుంది గానీ సర్వే నంబరు అతని పేరు మీదికి రాదు కదా.

కాబట్టి ఒక్కో విభాగానికి ఒక ఐడీ, సంస్థ లాగిన్ల వివరాలుండే ఎల్‌డాప్ డైరెక్టరీలో తీసుకున్నాము. విభాగాన్ని వ్యాపార సంస్థగా, దాని సర్వీసులను దాని కింద, సర్వీసు చిరునామాలను బైండింగ్ టెంప్లేట్లనే నమోదులుగా, డబ్ల్యూఎస్‌డీఎల్‌లోని (సర్వీసును వర్ణించే ఫైలు) ఇంటర్‌ఫేస్‌లను, అంటే సర్వీసుతో మాట్లాడే పద్ధతులను, టీమోడళ్లనే నమోదులుగా రాసే పద్ధతి రాసిచ్చి, ప్రచురణను వారి చేతే చేయించాను. కస్టమర్ చిరునామా సర్వీసు తమదంటే తమదని క్లెయిములు, బిల్లింగ్ విభాగాలు రెండూ పట్టుపట్టాయి. చివరికి ఆ సర్వీసు ఉన్న సర్వర్‌ను నడుపుతున్నవారికే అది దక్కింది.

అప్లికేషన్లు నడుస్తుండగానే రిజిస్ట్రీని అడిగి చిరునామా తెలుసుకుంటాయన్న మొదటి ఊహ మేము పనిచేసిన మేరకు ఫలించలేదు. ప్రోగ్రామర్లు ఒకసారి వెతికి, దొరికిన చిరునామాను కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసేసుకునేవారు. కొత్తగా సర్వీసు రాయబోయేవారు అటువంటిది ఇదివరకే ఉందేమోనని చూసుకోవడానికే రిజిస్ట్రీ ఎక్కువగా పనికివచ్చింది. ఆ ఖర్చుకు ఆ ప్రయోజనం తక్కువేమీ కాదని నా లెక్క. కాంట్రాక్టు ముగిసి నేను వేరే నగరానికి వెళ్లాక నా ఐడీని తీసివేశారు. బిల్లింగ్ విభాగం ఆ తర్వాత తన సర్వీసులను కొత్త యంత్రాల మీదికి మార్చుకున్నప్పుడు, చిరునామాలన్నీ తన ఐడీతోనే తిరగరాసుకుందని నెల్లూరు అన్న ఫోనులో చెప్పారు.