నలభై కిలోల సూట్‌కేసు

మావారు ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. సోఫా మీద గ్రేట్ డేన్ కుక్క. నడుం వెనక భాగమంతా సోఫా మీద, ముందు కాళ్ళు రెండూ నేల మీద, ఎవరి కోసమో ఎదురుచూస్తున్న పెద్దమనిషిలా కూర్చుని ఉంది. "ఎంత బుద్ధిగా కూర్చుందో చూడు," అన్నారు. నేను సోఫా చూశాను. మాది అందులో సగం ఉంటుంది.

కుక్కను తెచ్చుకోవాలన్న విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు. పెద్దదే కావాలన్న విషయంలోనూ లేదు. చిన్న కుక్కలంటే నాకు టెన్షన్, ఎక్కడ కాలి కింద పడతాయోనని. కానీ ఏ పెద్ద కుక్క అన్న దగ్గర ఏడు నెలలు పట్టింది. ఇల్లు కొనేటప్పుడు కూడా మా ఇంట్లో ఇంత చర్చ జరగలేదు.

ఆయనకు గ్రేట్ డేన్. నాకు జర్మన్ షెపర్డ్. మా ఏడేళ్ళ అమ్మాయికి సెయింట్ బెర్నార్డ్, అదీ మెడలో చెక్క పీపా వేలాడుతున్నదైతేనే.

ముందు అమ్మాయి సంగతి తేల్చేద్దాం, అది సులువు కదా అనుకున్నాం. ఆల్ప్స్ కొండల్లో సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గర మఠంలో ఆ కుక్కల్ని పెంచేవారని, వాటిలో 1800లో పుట్టిన బారీ అనే కుక్క మంచులో చిక్కుకున్న 40 మందికి పైగా కాపాడిందని చెప్పుకుంటారని, దాన్ని బెర్న్ మ్యూజియంలో ఇప్పటికీ భద్రపరిచారని అన్నీ చెప్పాను. పీపా మాత్రం వట్టిదేనమ్మా, 1820లో ఓ ఇంగ్లిష్ చిత్రకారుడు వేసిన బొమ్మలోంచి పాకిన కథ అంటారు అన్నాను. "అయితే మనమే కడదాం," అంది. ఆ కుక్కలు తల విదిలిస్తే చొంగ గోడల దాకా ఎలా ఎగురుతుందో వీడియో పెట్టి చూపించాను. అది ఇంకా నచ్చింది.

అమ్మాయిని అక్కడితో వదిలేసి మేమిద్దరం మొదలుపెట్టాం.

నేను లాయరులా తయారయ్యాను. 1899లో స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి ఆ బ్రీడ్‌కు ఎలా పునాది వేశాడో, పోలీసులూ సైన్యాలూ దాన్నే ఎందుకు తీసుకుంటారో వరస పెట్టి చెప్పేదాన్ని. ఆయన విని, "డేన్ పేరులో డెన్మార్క్ ఉంది కానీ అదీ జర్మనీ కుక్కే. నీదీ జర్మనీ, నాదీ జర్మనీ. ఇంక గొడవెందుకు?" అనేవారు. భుజం దగ్గరే 76 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలండీ మగ డేన్, బరువు 60 నుంచి 80 కిలోల దాకా వెళ్తుంది, నేను ఉన్నదే 54 అంటే, "నిన్నెవరూ మొయ్యమనలేదు కదా," అనేవారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఒక రాత్రి అమ్మాయి నిద్రపోయాక, గొడవ పడే ఓపిక ఇద్దరికీ లేనప్పుడు, అసలు డేనే ఎందుకండీ అని మామూలుగా అడిగాను. చిన్నప్పుడు స్కూలుకు వెళ్ళే దారిలో ఒక ఇంటి గేటు దగ్గర సుల్తాన్ అనే డేన్ ఉండేదట. ఈయన ఆగితే వచ్చి తొడకు ఆనుకుని, మొత్తం బరువు ఆయన మీద వేసి నిలబడేదట. డేన్‌లకు అలా ఆనుకునే అలవాటు ఉంది. "నేను కదిలితే అది పడిపోతుంది. అందుకని స్కూల్ బెల్ కొట్టినా కదిలేవాణ్ణి కాదు," అన్నారు. పెళ్ళై పదకొండేళ్ళయింది, నాకు ఈ సుల్తాన్ సంగతే తెలీదు.

అప్పుడు నేనూ నిజం చెప్పాల్సి వచ్చింది. స్టెఫానిట్జ్‌తో నాకేం పని? మా నాన్న ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉన్నప్పుడు రాత్రిళ్ళు మా కుక్క రాజా గడపకు అడ్డంగా పడుకునేది. అమ్మ నిశ్చింతగా నిద్రపోయేది. మావారిదీ తిరుగుడు ఉద్యోగమే, నెలలో పది రోజులు ఇంట ఉండరు. ఆ పది రాత్రులు నేను తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటాను. అది ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే టూర్లు మానలేక బాధపడతారని.

మర్నాడు రాజా ఫోటో ఉందేమో అడుగుదామని అన్నయ్యకు ఫోన్ చేశాను. నా మాట పూర్తిగా విని, "రాజా జర్మన్ షెపర్డ్ అని నీకెవరు చెప్పారే? చెవులు నిలబడ్డాయని అందరం అలా అనుకున్నాం, అంతే. నిన్ను రెండుసార్లు కరిచింది కూడా," అన్నాడు. కరిచిన సంగతి నాకు బొత్తిగా గుర్తు లేదు. మోచేతి మీద మచ్చ మాత్రం ఉంది. సైకిల్ మీంచి పడిందనుకునేదాన్ని.

ఇది మావారికి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. ఆయన వెంటనే ఎక్కడినుంచో ఒక పరిశోధన పట్టుకొచ్చారు. 2022లో వచ్చింది, 18 వేలకు పైగా కుక్కల యజమానుల్ని అడిగి చేసింది. ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ ఉండే తేడాల్లో బ్రీడ్ వల్ల వచ్చేది 9 శాతం దాకానేనట. "చూశావా, షెపర్డ్ అయినంత మాత్రాన కాపలా కాస్తుందని లేదు," అన్నారు గెలిచినట్టు. "మరి డేన్ అయినంత మాత్రాన ఆనుకుంటుందనీ లేదుగా," అన్నాను. ఫోన్ పక్కన పెట్టేశారు.

తర్వాత ఒక పశువైద్యుణ్ణి కలిసి అడుగుదామని వెళ్ళాం. లోపలికి వెళ్ళకముందే మా ప్రశ్నల్లో సగం తీరిపోయాయి. వెయిటింగ్ రూమ్‌లోకి అరవై దాటిన భార్యాభర్తలు ఒక ముసలి షెపర్డ్‌ను దుప్పటిలో పెట్టి చెరో కొసా పట్టుకుని మోసుకొచ్చారు. తుంటి కీలు పాడైపోయిందట. తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోక వదులుగా ఆడుతూ ఉంటే ఏళ్ళ తరబడి అరిగిపోతుంది. పెద్ద కుక్కల్లో ఇది మామూలే, షెపర్డ్‌లలో మరీ. తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రేలు తీయించారా లేదా అని పిల్లను కొనేముందే అడగాలి. ఆవిడ దుప్పటి కింద పెట్టి, చేతులు విదిలించుకుంటూ, "దీన్ని తెచ్చుకున్నప్పుడు మాకు ఓపిక ఉండేది," అంది. కుక్క ఆవిడ చెప్పు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

డాక్టరు డేన్ గురించి కూడా దాచలేదు. బతికేది సాధారణంగా 7 నుంచి 10 ఏళ్ళు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కలకు కడుపు గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది, డేన్‌లకు అందరికంటే ఎక్కువ. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే దక్కదు. ముందుజాగ్రత్తగా కడుపును లోపలి గోడకు కుట్టేయడం ఒక మార్గం. మావారు తిండి గిన్నెను ఎత్తు పీట మీద పెడితే మంచిదంటారు కదా అని అడిగారు. అలా పెట్టిన కుక్కల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ కనిపించిన పరిశోధన ఉందని డాక్టరు చెప్పారు. దారిలో మావారు ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి, "ఏడేళ్ళంటే అమ్మాయికి పద్నాలుగు," అన్నారు. అంతే.

మా ఇల్లు రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. 34 మెట్లు. ఆ ఆదివారం పెద్ద సూట్‌కేసు దించి, బరువు తూచే మిషన్ మీద పెట్టి, 40 కిలోలు వచ్చేదాకా పుస్తకాలు నింపాను. రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. మావారు వెనకే చేతులు చాచి వస్తున్నారు. పట్టుకోవద్దన్నాను. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగిపోయాను. పుస్తకాలు తీసి 30 చేశాను. మూడు చోట్ల ఆగి పైకి చేరాను. సూట్‌కేసు కదలదు, భయపడదు, నొప్పికి గింజుకోదు. కుక్క అవన్నీ చేస్తుంది.

"నేనుంటాను కదా. మనం ఇద్దరం మోద్దాం," అన్నారు.

మనం. ఏడు నెలల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! మనం పొద్దున్నే తిప్పుకొద్దాం. మనం వారం వారం స్నానం చేయిద్దాం. మనం ట్రైనింగ్ ఇద్దాం. మన భాషలో 'మేము' అంటే ఎదుటి మనిషి తప్పుకోవచ్చు, 'మనం' అంటే దారే లేదు. ఆయన నోట్లో 'మనం' అంటే సుమారుగా నేను. చెడ్డ ఉద్దేశంతో అనరు పాపం, ఆ మాటలో తనెక్కడున్నారో తనే ఎప్పుడూ చూసుకోలేదు.

ఒక కాగితం తీశాం. పనులన్నీ రాసి, ప్రతిదాని ఎదురుగా ఒక్క పేరే రాయాలి, 'ఇద్దరూ' అని రాయకూడదు. పొద్దున నడక నాది. రాత్రి నడక ఆయన తన పేరు రాసి, పక్కన బ్రాకెట్లో 'ఊళ్ళో ఉన్నప్పుడు' అని పెట్టారు. ఆ బ్రాకెట్ మీద అరగంట గడిచింది. చివరికి కింద పోర్షన్‌లో కాలేజీకి వెళ్ళే అబ్బాయిని ఆ పది రోజులకీ మాట్లాడుకుందాం, ఆ మాట్లాడే పనీ డబ్బులిచ్చే పనీ ఆయనవే అని తేలింది. స్నానం ఆయన. గోళ్ళు నేను. డాక్టరు దగ్గరికి ఇద్దరమూ అని రాయబోయి, నా వైపు చూసి, కొట్టేసి తన పేరు రాశారు. అమ్మాయి చొంగ తుడిచే పని అడిగి మరీ తీసుకుంది. 'అర్ధరాత్రి ఎత్తుకుని కిందికి దిగాల్సి వస్తే' అన్న చోట నా పేరు రాశాను, ఎందుకంటే ఆ రాత్రి ఎవరు ఇంట్లో ఉంటారో ఎవరికీ తెలీదు కనుక. దాని పక్కన '32 కిలోలు, అంతకు మించితే కుదరదు' అని రాశాను. ఆయన చదివి, ఫోన్ తీసి ఆ సోఫా ఫోటో తీసేశారు. నాకు ఏదోలా అనిపించింది. ఉంచుకోండి, ఫోటో ఏం బరువని అన్నాను.

పిల్ల అయితే ఎంత ఎదుగుతుందో ఊహించాలి, ఎదిగిన కుక్క అయితే మిషన్ మీద నిలబెట్టి చూసుకోవచ్చు. అందుకని ఇల్లు లేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌కు వెళ్ళాం. రెండుసార్లు ఊరికే తిరిగొచ్చాం. మూడోసారి ఒక బోను మీద కార్డు: ఆడ, సుమారు నాలుగేళ్ళు, 31 కిలోలు, పెద్ద సైజు, మిశ్రమం. బయటికి వదిలితే అమ్మాయిని వాసన చూసింది, నన్ను వాసన చూసింది, తిన్నగా వెళ్ళి మావారి మోకాలికి పక్క ఆనించి నిలబడింది. ఆయన కదల్లేదు. గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి వచ్చిన అలికిడి అయింది. అది ఆయన్ని వదిలి నాకూ గేటుకూ మధ్యకు వచ్చి ఒక్కసారి మొరిగింది. ఒక్కసారే. గడియ సంగతి దానికెవరు చెప్పారో!

ఇప్పుడు ఆరు వారాలైంది. తల, ఛాతీ కచ్చితంగా డేన్ అని ఆయన. తోక, చెవులు చూడండి, షెపర్డ్ కాక ఇంకేమిటని నేను. చూపుతో చెప్పే బ్రీడ్ చాలాసార్లు తప్పవుతుందని తెలిసీ వాదించుకుంటున్నాం. బుగ్గలోపల దూదిపుల్లతో రాసి పంపే డీఎన్ఏ టెస్ట్ కిట్ ఒకటి తెప్పించాం కూడా. పంపే పని కాగితంలో ఎవరి పేరునా లేదు. అది అలమరాలోనే ఉంది. అమ్మాయి మాత్రం నిన్న ఖాళీ మాత్రల డబ్బా ఒకటి దాని మెడకు దారంతో కట్టి, గోడ మీద చొంగ మరక చూపించి, "సెయింట్ బెర్నార్డ్," అంది.